పెనం కొనే ముందు: పోత ఇనుమా, రేకు ఇనుమా, కార్బన్ స్టీలా?

గిన్నెల కొట్లో మూడు నల్ల పెనాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద ‘కాస్ట్ ఐరన్’, ఇంకోదాని మీద ‘ఐరన్’, మూడోదాని మీద ‘కార్బన్ స్టీల్’ అని చీటీ. ధరల్లో తేడా బాగానే ఉంటుంది. అడిగితే ‘‘కార్బన్ స్టీల్ కొత్తగా వచ్చిందండీ, ఐరన్ కన్నా మంచిది’’ అంటారు. లెక్క తప్పేది అక్కడే. ఈ మూడింట్లో నిజంగా వేరే జాతిది పోత పెనం ఒక్కటే. ‘ఐరన్’ అని అమ్మే రేకు పెనమూ, ‘కార్బన్ స్టీల్’ అని అమ్మేదీ లోహం ప్రకారం అన్నదమ్ములు. చీటీ మీద పేరు వదిలేసి పోత పోసిందా, రేకు నొక్కిందా, మందం ఎంత, పైన పూసిందేమిటి అని చూస్తే ఎంపిక సగం తేలిపోతుంది.

కార్బన్ ఎందులో ఎక్కువ

పేరులో కార్బన్ ఉంది కాబట్టి కార్బన్ స్టీల్‌లోనే అది ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజం తలకిందులు. ఇనుప ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి దిగే ద్రవ ఇనుములో కార్బన్ దాదాపు 4 శాతం ఉంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టిన ఫర్నేసుల్లోంచి వచ్చేది ఇదే. దాన్ని కన్వర్టర్ అనే పెద్ద పాత్రలో పోసి ఆక్సిజన్ ఊదితే కార్బన్ కాలిపోయి ఉక్కు అవుతుంది. ఊదకుండా గడ్డకట్టిస్తే దుక్క ఇనుము. ఈ దుక్క ఇనుమునీ పాత తుక్కునీ పోత పోసే కార్ఖానాలో (ఫౌండ్రీ) కరిగించి ఇసుక అచ్చుల్లో పోస్తే మన పోత పెనం తయారవుతుంది.

పోత ఇనుములో కార్బన్ 2 నుంచి 4 శాతం, దాంతోపాటు 1 నుంచి 3 శాతం సిలికాన్ ఉంటాయి. ఈ రెండింటి వల్ల అది 1150–1200 డిగ్రీల దగ్గరే కరిగి నీళ్లలా అచ్చులోకి పారుతుంది. ఉక్కు కరగాలంటే 1450 దాటాలి. అయితే చల్లారేటప్పుడు ఆ కార్బన్‌లో చాలా భాగం లోహంలో కలవకుండా గ్రాఫైట్ పలుకులుగా విడిపోతుంది. పగులు మొదలైతే ఆ పలుకుల వెంబడే సాగుతుంది. పోత పెనం చేయి జారి గచ్చు మీద పడితే సొట్టపడకుండా విరగడానికి కారణం ఇదే.

పెనాలకు వాడే రేకు ఉక్కులో కార్బన్ తరచుగా 0.1 శాతం దగ్గర, మహా అయితే 0.2 శాతం. కాబట్టి వంగుతుంది, సాగుతుంది, సుత్తితో కొట్టినా పగలదు. సంతల్లో ‘ఇనుప పెనం’, ‘ఇనుప బాండీ’ అని దొరికేవీ ఇదే రకం రేకుతో చేసినవే, వెల్డింగ్ షాపులో ఎం.ఎస్. అని పిలిచే మైల్డ్ స్టీల్. పూర్వం కమ్మరి కొలిమిలో సాగగొట్టిన చేత ఇనుము వేరు. అది ఇప్పుడు కొట్లలోకి రావడం దాదాపు ఆగిపోయింది. ‘కార్బన్ స్టీల్’ చీటీ ఉన్న పెనంలో కొనేవాడికి అదనంగా దక్కేది సాధారణంగా మందం సమంగా ఉన్న రేకు, శుభ్రమైన ఉపరితలం, గట్టి రివిట్లు. వీటికి కొంచెం ఎక్కువ ఇవ్వవచ్చు. లోహం పేరుకే రెట్టింపు ధర ఇవ్వనక్కర్లేదు.

అసలు తేడా మందంలో ఉంది

పోత ఇనుము వేడిని ‘బాగా పరుస్తుంది’ అనే మాట తరచూ వినిపిస్తుంది. నిజానికి పోత ఇనుమూ రేకు ఉక్కూ రెండూ వేడిని పాకించడంలో దాదాపు సమానం, అల్యూమినియంతో పోలిస్తే నాలుగో వంతే. గ్రాముకు దాచుకునే వేడి కూడా రెండింట్లో ఇంచుమించు ఒకటే. పోత పెనం దోసెకు బాగుండటానికి కారణం బరువు. ఇసుక అచ్చులో సన్నగా పోయడం కష్టం, పోసినా పగులుతుంది. అందుకే పోత పెనం 4, 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రేకు పెనం ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్లు.

30 సెంటీమీటర్ల వెడల్పున్న చదునైన పెనం తీసుకుందాం. పిడి కాకుండా 2 మి.మీ. రేకైతే సుమారు 1.1 కిలోలు, 4.5 మి.మీ. పోతైతే 2.3 కిలోలు. రెండింటినీ ఒకే వేడికి తెచ్చి పిండి వేశామనుకోండి. ఒక్కో దోసెకు 100 గ్రాముల పిండి, అందులో 40 గ్రాముల నీరు ఆవిరవ్వాలనుకుంటే దానికే 90 కిలోజౌళ్ల వేడి కావాలి. పెనం 50 డిగ్రీలు చల్లబడేసరికి పోత పెనం తన ఒంట్లోంచి 53 కిలోజౌళ్లు ఇస్తుంది. రేకు పెనం ఇచ్చేది 25. మిగతాది మంట నుంచి రావాలి. కాబట్టి రేకు పెనం మీద మంట తగ్గించి దోసె వేస్తే అది పాలిపోయి మెత్తగా వస్తుంది. మంట పెంచితే మంట తగిలే వలయం మాడి, అంచు పచ్చిగా మిగులుతుంది. పోత పెనం మీద ఆ హెచ్చుతగ్గులు అంతగా తెలియవు.

దీనికి రుజువు టిఫిన్ సెంటర్లో ఉంది. అక్కడ దోసెలు పోసే నల్ల పలక చాలాచోట్ల పోత ఇనుము కాదు, మందపాటి ఎం.ఎస్. ప్లేటు. అంటే కార్బన్ స్టీలే. 90 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న ప్లేటు ఒక్కటే 50 కిలోలు తూగుతుంది. వరసగా నాలుగు దోసెలు పోసినా దాని వేడి అంతగా పడిపోదు. ఇంకా కాలుతూనే ఉంటుంది కాబట్టి ప్రతి వాయికీ నీళ్లు చల్లి చీపురుతో తుడిచి వేడి తగ్గించుకుంటారు. ఇంట్లో 2 మి.మీ. రేకు పెనం మీద అన్నేసి నీళ్లు చల్లితే పెనం చల్లారిపోతుంది. అక్కడి పద్ధతి ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం అదే.

ఎవరికి ఏది

వారానికి మూడు నాలుగు సార్లు దోసెలు, పెసరట్లు వేసే నలుగురైదుగురి ఇంటికి, గ్యాస్ పొయ్యి మీద, 28 లేదా 30 సెం.మీ. పోత పెనం కొనమనే చెబుతాం. వేడెక్కడానికి మధ్యస్థపు మంట మీద 5 నుంచి 7 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత పదో దోసె మొదటి దోసెలాగే వస్తుంది. మణికట్టు నొప్పులున్నవారు, పెనాన్ని రోజూ ఎత్తి గూట్లో పెట్టాల్సినవారు మాత్రం 3 మి.మీ. కార్బన్ స్టీల్ పెనం తీసుకోవడం మేలు. 30 సెం.మీ. వెడల్పుకు అది 1.65 కిలోలు, పోతలో మూడింట రెండొంతుల కంటే కొంచెం ఎక్కువ. దోసె కూడా పోతకు దగ్గరగా వస్తుంది.

పొద్దున్నే ఒకరికో ఇద్దరికో ఆమ్లెట్, రెండు చపాతీలు చేసుకునేవారికి పోత పెనం బరువుచేటు. దాన్ని వేడి చేయడానికే గ్యాస్ అయిపోతుంది. వాళ్లకు 2 మి.మీ. రేకు చాలు, మూడు నిమిషాల్లో కాలుతుంది.

చపాతీ, పుల్కాలకు కూడా రేకే నయం, మధ్యలో కాస్త పల్లంగా ఉన్నది. మంట పెంచితే వెంటనే వేడెక్కుతుంది, తగ్గిస్తే వెంటనే దిగుతుంది, పుల్కాకు కావలసింది అదే. కానీ దోసె పెనం మీద చపాతీలు కాల్చకండి. పొడి పిండి మాడి అంటుకుంటుంది, నూనె లేని వేడికి పెనం మీద పట్టిన నూనె పూత ఎండి చెడుతుంది. మర్నాడు దోసె లేవదు. రెండు పెనాలు పెట్టుకోవడం ఖర్చు అనిపిస్తే దోసెకు పోత, చపాతీకి మామూలు సంత రేకు పెనం కొనుక్కోండి, మొత్తం ఖర్చు ఒక ఖరీదైన కార్బన్ స్టీల్ పెనానికి మించదు.

బాండీల విషయం వేరుగా చూడాలి. వేపుళ్లకు, పోపులకు, పకోడీలకు రేకు బాండీ సులువు. బెండకాయ వేపుడులో ముక్కలు కలియబెట్టడానికీ, ఒక చేత్తో చెవి పట్టి వంపడానికీ అది అనువు. నూడుల్స్ బండి మీద ఎగరేస్తూ తిప్పే బాండీ కూడా సన్నటి కార్బన్ స్టీలే, పోతదైతే ఎవరూ ఎగరేయలేరు. దిబ్బ రొట్టెకు మాత్రం పోత మూకుడుకు సాటి లేదు. మూడు నాలుగు సెంటీమీటర్ల మందం పిండి అడుగు మాడకుండా లోపల ఉడకాలంటే సన్న సెగ మీద మూత పెట్టి ఇరవై నిమిషాలు ఉంచాలి. రేకు మూకుట్లో అయితే సిమ్‌లో పెట్టినా మంట సోకిన చోట నల్లని వలయం పడుతుంది. గారెలు, జంతికలకు రెండూ పనికొస్తాయి. పోతలో వాయి వేసినప్పుడు నూనె వేడి అంతగా పడిపోదు కానీ, మంట తగ్గించాక కూడా కాసేపు కాగుతూనే ఉంటుంది. రెండు నిమిషాలు ముందే తగ్గించాలి.

పులుపు రెండింటికీ పడదు. చింతపండు పులుసు, గోంగూర, టమాటా పచ్చడి, చారు లాంటివి ఇనుప పాత్రల్లో ఉడికిస్తే ఇనుము కరిగి కూరకు లోహపు రుచి వస్తుంది, పట్టిన పూత ఊడుతుంది. వంకాయ, అరటికాయ నల్లబడటానికి కూడా ఇనుమే కారణం. వాటిలోని వగరు పదార్థాలు ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. తిన్నా ప్రమాదమేమీ లేదు, చూడ్డానికే బాగుండదు. పులుసుకు స్టీలు గిన్నె, మట్టికుండ, రాతిచిప్ప ఏదైనా సరే.

ఒంటికి ఇనుము పడుతుందా అన్న ప్రశ్నకు కూడా సమాధానం ఇందులోనే ఉంది. పులుపు, తడి, ఎక్కువసేపు ఉడకడం ఉంటే ఎక్కువ దిగుతుంది. బాగా పూత పట్టిన పెనం మీద రెండు నిమిషాల్లో లేచే దోసెలోకి దిగేది కొద్దిగానే. ఈ విషయంలో పోతకూ కార్బన్ స్టీల్‌కూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తహీనతకు పెనాన్ని మందుగా నమ్ముకోవద్దు. తలసేమియా వంటి వాటివల్ల ఒంట్లో ఇనుము పేరుకునేవారు ఇనుప పాత్రల గురించి డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

కొట్లో పరీక్షలు

అయస్కాంతం రెండింటికీ అతుక్కుంటుంది. కాబట్టి పోతా రేకా అన్నది దానితో తేలదు. నల్లరంగు వేసిన అల్యూమినియం పెనాన్ని పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మందం కనిపెట్టడానికి తూకం చాలు. 30 సెం.మీ. రేకు పెనానికి ప్రతి మిల్లీమీటరుకూ సుమారు 555 గ్రాములు, 28 సెం.మీ. పెనానికి 485, 25 సెం.మీ. పెనానికి 385. పెనం బరువులోంచి పిడికి ఓ 150 గ్రాములు తీసేసి దీనితో భాగిస్తే మందం వస్తుంది. అంచులు పైకి లేచి ఉంటే అసలు మందం లెక్కలో వచ్చినదానికంటే కొంచెం తక్కువే. కొట్లో రేకు మందాన్ని గేజీ నంబరు లెక్కన చెబితే, నంబరు పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని గుర్తుంచుకోవాలి. 18 గేజీ 1.2 మి.మీ., 16 గేజీ 1.6, 14 గేజీ 2, 12 గేజీ 2.6, 10 గేజీ 3.2 మి.మీ. దోసెకు 14 కంటే పలచనిది తీసుకోవద్దు, 12 లేదా 10 అయితే మంచిది.

వేలితో వేలాడదీసి చెంచాతో తట్టండి. రేకు పెనం ఖంగుమని చాలాసేపు మోగుతుంది. పోత పెనంలో గ్రాఫైట్ ఆ మోతను మింగేస్తుంది కాబట్టి చప్పుడు త్వరగా ఆగిపోతుంది. పగిలిన పోతైతే గరగరమంటుంది, దాన్ని అక్కడే వదిలేయాలి. తర్వాత స్కేలు అంచును పెనం అడుగున అడ్డంగా, నిలువుగా ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టండి. మధ్యలో ఒక మిల్లీమీటరుకు మించి సందు కనిపించినా, పెనం ఊగినా వద్దు. పోత పెనం లోపలివైపు వేలు తిప్పి చూడండి. ఇసుక గరుకు సమంగా ఉంటే పరవాలేదు, వాడేకొద్దీ నూనె పట్టి నునుపెక్కుతుంది. గుంటలు, బుడిపెలు, గాలి రంధ్రాలు ఉంటే వాటిలో పిండి ఇరుక్కుని అక్కడే అంటుకుంటూ ఉంటుంది. లేత్ మీద నునుపు చేసిన పోత పెనాలు దొరుకుతాయి. ధర ఎక్కువైనా మొదటి నెల తిప్పలు తగ్గుతాయి.

సంత పెనానికి తళతళలాడే నల్లటి పూత ఉంటే అనుమానించాలి. తెల్లగుడ్డకు కొంచెం నూనె రాసి గట్టిగా రుద్దండి. బూడిదరంగు మరక అంటితే మామూలే. గోటితో గీస్తే పొరలా లేచేది రంగు, అది తిండికి పనికిరాదు. నీలి–నలుపు రంగులో గట్టిగా పట్టి ఉన్నది రేకు వేడిగా చుట్టినప్పుడు ఏర్పడిన ఆక్సైడు పొర, దానితో ప్రమాదం లేదు, కొన్నాళ్లకు పెచ్చులూడవచ్చు. తెల్లగా మెరుస్తూ పువ్వుల్లాంటి మచ్చలున్న రేకుతో చేసినది మాత్రం ముట్టుకోకండి. అది జింకు పూసిన జి.ఐ. రేకు. పులుపుకు జింకు కరుగుతుంది, ఎక్కువ కాలితే పొగ వస్తుంది.

పిడి సంగతి కూడా చూడాలి. పోత పెనం పిడి పెనంతో కలిసే పోస్తారు, విరిగితే మళ్లీ అతకదు. పోత ఇనుముకు వెల్డింగ్ వేయడానికి నికెల్ రాడ్డు, నిదానంగా వేడి చేసి చల్లార్చడం కావాలి, పెనం ఖరీదుకు అది గిట్టదు. రేకు పెనం పిడి ఊడితే ఏ వెల్డింగ్ షాపులోనైనా రెండు నిమిషాల పని.

కొత్త పెనాన్ని దారికి తేవడం

పూత పట్టించడాన్ని ఇప్పుడు అందరూ సీజనింగ్ అంటున్నారు. పలచటి నూనె పొర గాలి తగులుతూ వేడెక్కి గట్టిపడి, లోహానికి అతుక్కుని, ప్లాస్టిక్‌లాంటి పొర అవుతుంది. సన్‌ఫ్లవర్, నువ్వుల నూనె, తవుడు నూనె ఇందుకు బాగుంటాయి, వేరుశనగ నూనె కూడా సరిపోతుంది. కొబ్బరి నూనె, నెయ్యి అంత త్వరగా గట్టిపడవు. అవిసె నూనె అద్దంలా మెరిసే పొర వేస్తుంది కానీ, అది పెచ్చులుగా ఊడటం ఎక్కువ. ఆముదం ఆరదు. వాడకుండా దాచే పెనానికి తుప్పు పట్టకుండా రాయడానికే అది పనికొస్తుంది.

ముందుగా కొత్త పెనం మీది మైనం, యంత్రపు నూనె పోవాలి. విదేశీ కార్బన్ స్టీల్ పెనాలకు తేనెమైనం పూసి పంపడం మామూలు. మరిగే నీళ్లు పోసి, సబ్బు, స్టీలు పీచు వేసి రుద్దాలి. రేకు బూడిదరంగు తేలేదాకా వదలొద్దు. ఈ పని సగంలో ఆపేస్తే నూనె పొర మైనం మీద కూర్చుంటుంది, నాలుగు దోసెలకే లేచిపోతుంది. గంజిలో నానబెట్టే పాత పద్ధతి పోత పెనానికి మంచిదే, అచ్చు ఇసుక, నల్లటి పొడి వదులవుతాయి. అలా నానబెడితే రోజూ గంజి మార్చాలి, రెండు రోజులు చాలు. ప్రీ–సీజన్డ్ (ముందే పూత పట్టించినది) అని రాసి ఉన్న పోత పెనాన్ని గంజిలో పెట్టడం వృథా, వేడినీళ్లతో కడిగి ఒకసారి నూనె పట్టిస్తే సరి.

పొయ్యి మీద రెండు నిమిషాలు ఆరబెట్టి, 30 సెం.మీ. పెనానికి అర చెంచా నూనె వేసి లోపల, అడుగున, పిడికి అంతా రుద్దండి. ఆపైన పొడి నూలుగుడ్డ తీసుకుని, నూనె రాయనేలేదన్నట్టు పూర్తిగా తుడిచేయండి. అందరూ తప్పు చేసేది ఈ తుడవడంలోనే. నూనె మిగిలితే అది గట్టిపడదు, జిగురుగా, ముదురు బెల్లం పాకంలా చారలు కడుతుంది. ఇప్పుడు మధ్యస్థపు మంట మీద పెట్టి, పొగ మొదలై ఆగేదాకా, పది పదిహేను నిమిషాలు ఉంచాలి. మంట మధ్యలోనే తగులుతుంది కనుక పెనాన్ని అప్పుడప్పుడూ అంచు వైపు జరుపుతూ తిప్పండి. కిటికీ తెరిచి ఉంచండి. పోత పెనానికి రెండు మూడు సార్లు, నున్నటి కార్బన్ స్టీల్‌కు నాలుగైదు సార్లు ఇలా చేయాలి. ఓవెన్ ఉన్నవారు 230 డిగ్రీల దగ్గర బోర్లించి గంటసేపు ఉంచి, అందులోనే చల్లారనివ్వచ్చు. అయితే చెక్క పిడి ఉన్నది పెట్టకూడదు.

కార్బన్ స్టీల్ మొదట పసుపు, తర్వాత నీలం, గోధుమరంగు మచ్చలు మచ్చలుగా తిరుగుతుంది. చెడిపోయిందని గీకేయకండి, నలుపు సమంగా పట్టడానికి నెలా రెండు నెలల వాడకం కావాలి. మొదటి పది రోజులు ఉల్లిపాయలు వేయించడం, నూనె ఎక్కువ వేసి ఊతప్పాలు వేయడం లాంటివి చేయండి. పలచటి పేపర్ దోసె ఆ తర్వాత.

దోసె ఎందుకు అంటుకుంటుంది

పెనం వేడి తప్పడమే ఎక్కువసార్లు కారణం, పెనం జాతి కాదు. నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. చుక్క పడ్డచోటే ఉండి మెల్లగా ఆవిరైతే ఇంకా కాలలేదు. పడగానే చుయ్యిమని రెండు సెకన్లలో ఎగిరిపోతే సరైన వేడి. పాదరసంలా గుండ్రంగా దొర్లుతుంటే మితిమీరి కాలింది. అప్పుడు పిండి వేస్తే గరిటెకు చుట్టుకుని వస్తుంది, పలచగా సాగదు. తడిగుడ్డతో తుడిచి, సగం ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్ది, పిండి వేసి తిప్పాక మంట పెంచాలి. పోత పెనం వేడెక్కడమే కాదు, దిగడం కూడా ఆలస్యమే. కొత్తగా రేకు నుంచి పోతకు మారినవారు మొదటివారం మాడ్చేది అందుకే.

పిండిలో పంచదార వేసినా, పెనం మీద నిన్నటి ఆమ్లెట్ తాలూకు పొర మిగిలి ఉన్నా అంటుకుంటుంది. అట్లకాడతో బలవంతంగా గీకితే ఆ చోట పూత లేచి, రేపు కూడా అక్కడే అంటుకుంటుంది. అంచులు వాటంతట అవి లేచేదాకా ఆగండి.

సొట్ట, పగులు, తుప్పు

రేకు పెనానికి వచ్చే పెద్ద జబ్బు ఉబ్బడం. మధ్యభాగం అంచుకన్నా 200 డిగ్రీలు ఎక్కువ కాలితే, 15 సెం.మీ. వ్యాసార్ధానికి ఉక్కు 0.36 మి.మీ. సాగాలని చూస్తుంది. చల్లటి అంచు దాన్ని సాగనివ్వదు. ఆ నిడివి ఎటో పోవాలి కనుక పెనం టప్పుమని పైకో కిందికో ఉబుకుతుంది. 1.6 మి.మీ. రేకు ఖాళీగా పెద్ద మంట మీద పెట్టినా, ఇండక్షన్ పొయ్యి మీద ఒక్కసారిగా గరిష్ఠానికి తిప్పినా ఇది తప్పదు. పైకి ఉబ్బితే నూనె అంచులకు జారిపోతుంది, కిందికి ఉబ్బితే పెనం బొంగరంలా తిరుగుతుంది. చదునైన దుంగ మీద బోర్లించో వెల్లకిలానో పెట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా కొడితే చాలావరకు తిరిగి వస్తుంది. పోత పెనాన్ని అలా కొడితే పని అయిపోయినట్టే. పోత ఉబ్బదు కానీ, కాలుతున్నప్పుడు సింకులో చల్లటి నీళ్ల కింద పెడితే పగులుతుంది.

ఇండక్షన్ మీద రెండూ పనిచేస్తాయి, అడుగు చదునుగా ఉండాలంతే. పొయ్యి లోపల వేడి పుట్టించే తీగచుట్ట (కాయిల్) సాధారణంగా 18, 20 సెం.మీ. ఉంటుంది. 30 సెం.మీ. పెనం అంచులు ఎప్పుడూ వెనకబడే ఉంటాయి. 26 సెం.మీ. దాటి కొనకపోవడం మంచిది. తక్కువ పవర్‌లో ఐదారు నిమిషాలు కాలనిచ్చి తర్వాత పెంచాలి. గాజు పొయ్యి మీద పోత పెనాన్ని ఈడిస్తే గీతలు పడతాయి, ఎత్తి పెట్టాలి. అమెరికా వెళ్లేవారు 23 కిలోల పెట్టెలో రెండున్నర కిలోలు పోత పెనానికి ఇవ్వనక్కర్లేదు. 26 సెం.మీ. గుండ్రటి పోత గ్రిడిల్ అక్కడి దుకాణాల్లో మామూలుగా దొరుకుతుంది. తీసుకెళ్లాలనుకుంటే చదునైన అడుగున్న రేకు బాండీ తీసుకెళ్లండి, మన ఆకారంలో అక్కడ దొరకడం కష్టం.

తుప్పు రెండింటికీ పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఒక్క రాత్రి తడిగా వదిలేస్తే చాలు. కడిగిన వెంటనే పొయ్యి మీద ఒక నిమిషం ఆరబెట్టి, రెండు చుక్కల నూనె రాసి తుడిచి పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో కాగితం వేయండి. కొద్దిపాటి సబ్బుతో కడిగితే గట్టిపడ్డ పూత పోదు. డిష్‌వాషర్‌లో మాత్రం పెట్టకూడదు. తుప్పు ముదిరితే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అరగంట ఉంచి కొబ్బరి పీచుతో రుద్దండి. అరగంట దాటితే పులుపు మంచి లోహాన్ని కూడా తినడం మొదలెడుతుంది. వెంటనే ఆరబెట్టి మళ్లీ మొదటి నుంచి నూనె పట్టించాలి.

కత్తికి ఈ లెక్క వర్తించదు

పెనాల్లో పేరుకు విలువ లేదన్నాం. కత్తిపీట, వంటకత్తి కొనేటప్పుడు మాత్రం ఇనుమా, కార్బన్ స్టీలా అన్న ప్రశ్న నిజమైనదే. ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచితే గట్టిపడాలంటే కనీసం 0.3 శాతం కార్బన్ ఉండాలి. మంచి వంటకత్తుల్లో అది 0.6 నుంచి 1 శాతం ఉంటుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండి పర్షియా వర్తకులకు అమ్మిన పాతకాలపు ఉక్కులో ఇంకా ఎక్కువ, దాదాపు ఒకటిన్నర శాతం. పెనం రేకుతో కత్తి చేస్తే ఎంత నూరినా రెండు వంకాయలకే మొండిబారుతుంది. ఊళ్లో కమ్మరి లారీ కమాన్ పట్టీతో కత్తి చేసి ఇస్తానంటే నమ్మవచ్చు, స్ప్రింగు ఉక్కులో అర శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. అనుమానముంటే సానరాయి చక్రం మీద ఒక్క క్షణం ఆనించమనండి. మెత్తటి రేకు అయితే పొడవాటి గీతల్లాంటి రవ్వలు, చీలికలు తక్కువ. కార్బన్ ఎక్కువున్న ఉక్కైతే ప్రతి రవ్వా చివర్లో చిచ్చుబుడ్డిలా విచ్చుకుంటుంది. పోత ఇనుమైతే రవ్వలు ఎర్రగా, పొట్టిగా రాతి దగ్గరే ఆరిపోతాయి.